చలికాలపు సైకిలు ప్రయాణము: ఉడుపు, జాగ్రత్త
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతికై సిద్ధపరచిన ప్రసంగపాఠము)



పంచాయతీ సభ్యుల సమావేశములలో సామాన్యముగా పన్నులను గురించియు, మంచినీటిని గురించియు, రోడ్లను గురించియు ప్రసంగములు జరుగుచుండును. నేడు మేము ఎన్నుకొనిన విషయము వానికంటె చిన్నదిగా తోచవచ్చును. చలికాలమున తెల్లవారకముందే సైకిలెక్కు మనిషి ఒంటిమీద ఏమి ధరింపవలెను? తలకేమి, చేతులకేమి, సైకిలునకేమి ఉండవలెను? ఇదియే నేటి విషయము. ఇది ఎవరి యింటి సంగతి వారిదే కాని, పంచాయతీ సంగతి ఎట్లగునని మీలో కొందరు అనుకొనవచ్చును. ప్రసంగము ముగియులోగా ఇది మీ సంగతియే యని మీరే ఒప్పుకొందురని మా నమ్మకము.

వేకువ సైకిలెక్కువారెవరు?

గ్రామములలో నేడు మోటారు సైకిళ్లు పెరిగినమాట నిజము. ఐనను పాలకేంద్రమునకు సైకిలు మీద పాలు చేరవేయువారు నేటికిని కలరు. పత్రికలు పంచు కుర్రవాండ్రు కలరు. పదవ తరగతి ప్రత్యేక తరగతులకై పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవు బాలబాలికలు కలరు. చేనికి నీరు కట్టబోవు రైతు, పనికి పోవు కూలీ, వీధులూడ్చుటకు వచ్చు మన పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడు, వీరందరును కలరు. జనవరి మాసమున మన ప్రాంతములలో పెక్కుచోట్ల సూర్యోదయము ఆరున్నర గంటలు దాటిన పిదపనే. వీరి పనులు అంతకు గంట ముందో, రెండు గంటల ముందో మొదలగును. అనగా చలి, చీకటి, మంచు ఈ మూడును ఒక్కటిగా కూడియున్న వేళనే వీరు రోడ్డు మీద నుందురు.

చలి అన్నిచోట్ల ఒకే తీరుగ నుండదు. ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలో డిసెంబరు, జనవరి నెలల రాత్రులలో ఉష్ణోగ్రత అప్పుడప్పుడు 10 డిగ్రీలకంటె దిగువకు పోవును. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, లంబసింగి, అరకు ప్రాంతములలోను అంతే. కృష్ణా, గోదావరి డెల్టాలలో అంతటి చలి లేదు కాని, కాలువ గట్ల వెంటను, వరిచేల మీదను పొగమంచు దట్టముగా క్రమ్ముకొనును. కొండ ప్రాంతమువారికి చలి ఎక్కువ బాధ. డెల్టావారికి మంచు ఎక్కువ భయము. ఇరువురికిని పనికివచ్చు నియమములు ఒక్కటియే. సైకిలెక్కువాని ఉడుపు మూడు పనులు చేయవలెను. గాలిని ఆపవలెను. కాళ్లు, చేతులు, కన్నులు, చెవులు తమ పని తాము చేసికొనునట్లు వదలవలెను. ఆ మనిషిని ఎదుటివారి కంటికి చూపవలెను. మొదటి దానిని మన పెద్దలు బాగుగా నెరుగుదురు. రెండవది కొందరెరుగుదురు. మూడవదానినే మనము తరచు మరచుచున్నాము.

గాలిని ఆపుట

నిలుచున్నవానికి లేని చలి సైకిలు మీద పోవువానికుండును. ఒంటి చుట్టును ఒక పలుచని వెచ్చని గాలిపొర ఎప్పుడును ఉండును. సైకిలు కదలగనే ఎదురుగాలి ఆ పొరను ఊడ్చివేయును. గాలి 10 డిగ్రీలలో నున్న వేకువ గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవువాని చర్మమునకు అది సుమారు 8 డిగ్రీలవలె తోచును. దానికి ఎదురుగాలి తోడైనచో చలి ఇంకను హెచ్చును.

కావున ఒక్క దళసరి దుస్తుకంటె రెండు, మూడు పలుచని దుస్తులు ఒకదానిపై నొకటి ధరించుట మేలు. వాని నడుమ నిలుచు గాలియే మనకు వెచ్చదనమిచ్చును. ఒంటికి తగులు లోపలి బనియను చెమటను త్వరగా వదలునదిగా నుండవలెను. నూలు బనియను చెమటను పీల్చి తడిగానే ఉండిపోవును; పిదప గాలి తగులగనే ఒళ్లు వణకును. ఆటగాండ్రు ధరించు తేలిక బనియన్లు త్వరగా ఆరును. దానిపై ఉన్ని స్వెట్టరు వేసికొనవలెను. శీతకాలమున పట్టణములలో టిబెటనులు, నేపాలీలు దుకాణములు పెట్టి అమ్ము స్వెట్టర్లు ఈ పనికి చాలును. ఉన్ని కొంత తేమను పీల్చినను వెచ్చదనమును బొత్తిగా పోగొట్టుకొనదు. అన్నిటికిని పైన, గాలి దూరని పలుచని జాకెట్టొకటి ఉండవలెను. వానకోటు కూడ ఈ పనికి వచ్చును. కాని అది లోపలి చెమటను బయటికి పోనీయదు కనుక, చడావు ఎక్కునప్పుడు మెడ దగ్గర గుండీలు విప్పుకొనవలెను.

ఇచ్చట ఒక చిన్న గుర్తు చెప్పుదుము. ఇంటినుండి బయలుదేరునప్పుడు కొంచెము చలిగా తోచవలెను. గడపలోనే వెచ్చగా ఉన్నచో, కిలోమీటరు దూరము తొక్కుసరికి చెమట పట్టును. గమ్యము చేరి నిలుచున్నంతనే ఆ చెమటయే చలిగా మారును.

జాకెట్టు కొనలేనివారికి ఖర్చులేని ఉపాయమొకటి కలదు. స్వెట్టరునకును చొక్కాకును మధ్య రొమ్ముమీద వార్తాపత్రిక నొకదానిని పరచుకొనవలెను. కాగితము గాలిని ఆపును. ఫ్రాన్సు దేశమున 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ అను గొప్ప సైకిలు పందెములో, కొండదారులు దిగునప్పుడు పందెగాండ్రు చొక్కాల లోపల పత్రికలు దూర్చుకొనుట పేరుపడిన పద్ధతి. మన ఊరిలో పత్రికలు పంచు కుర్రవానికి ఈ ఉపాయము చేతిలోనే యున్నది.

గొంగడిని గురించి

తెలంగాణ, రాయలసీమ ప్రాంతములలో చలికాలపు ఉడుపు ననగానే గొంగడి గుర్తునకు వచ్చును. దక్కను గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి చలికిని, జల్లుకును కూడ ఆగును. కురుమల చేతిపని యగు ఈ వస్త్రమునకు సాటియైనది బజారులో దొరకుట కష్టము. గొర్రెలకాపరికి, చేను కావలి కాయువానికి అది కప్పు, పక్క, గొడుగు అన్నియు తానే. దానిని వదలుమని మేము చెప్పము.

కాని గొంగడి నడచువానికి, కూర్చుండువానికి ఏర్పడిన వస్త్రము. సైకిలు మీద దానిని తలనుండి కప్పుకొనినచో నాలుగు చిక్కులు వచ్చును. దాని అంచు జారి వెనుక చక్రమునందో, గొలుసునందో చిక్కుకొనవచ్చును. లోపలినుండి దానిని పట్టుకొనుటకు ఒక చేయి పోవును. బ్రేకునకు ఒక్క చేయియే మిగులును. తలపై ముసుగుగా నున్నందున వెనుకకు తిరిగి చూచుట కష్టమగును. నాలుగవది అన్నిటికంటె పెద్దది. గొంగడి నలుపు. చీకటిలో నల్లని ముసుగు వేసికొని పోవు మనిషి చీకటిలోనే కలిసిపోవును.

సైకిలు మీద గొంగడి కావలసినవారు దానిని ముసుగుగా కాక, నడుము దాటకుండ మడచి భుజములమీదుగా వేసికొని, రొమ్ముమీద ముడివేసి, నడుమునకు త్రాడుతో బిగించుకొనవలెను. దాని వీపుమీద మెరుపు పట్టీని కుట్టించుకొనవలెను. ఆ పట్టీ సంగతి ముందు చెప్పుదుము.

చేతులు, పాదములు, తల

చలి వేసినప్పుడు శరీరము ముందుగా గుండె, ఊపిరితిత్తులు మొదలగు లోపలి అవయవములను కాపాడుకొనును. వ్రేళ్లకు పోవు రక్తమును తగ్గించును. అందుచేత అన్నిటికంటె ముందు మొద్దుబారునవి చేతివ్రేళ్లు. బ్రేకు పట్టవలసినవి ఆ వ్రేళ్లే. కావున చేతితొడుగులు సుఖముకొరకు మాత్రమే కావు, ప్రాణరక్షణ కొరకు. అల్లిన ఉన్ని తొడుగు వెచ్చగా నుండును కాని, గాలిని పోనిచ్చును, హ్యాండిలు మీద జారును. అరచేతివైపు రబ్బరు గాని, తోలు గాని ఉన్న తొడుగు మేలు. ఎట్టిదైనను, కొనునప్పుడే దానిని తొడిగికొని బ్రేకును పూర్తిగా నొక్కి చూడవలెను. వ్రేళ్లు సులభముగా మడవబడనిచో ఆ తొడుగు పనికిరాదు.

పాదములకు మేజోళ్లు, బూట్లు ఉండవలెను. మంచుకు తడిసిన పెడలు మీద హవాయి చెప్పు జారును. మేజోడు బూటులో ఇరుకుగా నుండరాదు. ఇరుకైనచో రక్తము ఆడక పాదము మరింత చల్లబడును.

తలకు మంకీ క్యాపు, చెవులకు మఫ్లరు మనకు అలవాటు. వెచ్చదనమునకు రెండును మంచివే. కాని దళసరి మఫ్లరును చెవులమీద రెండు మూడు చుట్లు చుట్టినచో వెనుకనుండి వచ్చు లారీ మోత వినబడదు. పలుచని టోపీతో చెవులను కప్పుకొనిన చాలును. మఫ్లరు కొసలు వ్రేలాడకుండ చొక్కాలోనికి దోపుకొనవలెను. చెవులలో ఫోను తీగలు, ఇయర్‌ఫోనులు పెట్టుకొని సైకిలు త్రొక్కు కుర్రవాండ్రకు ఆ పని మానుమని పెద్దలు గట్టిగా చెప్పవలెను.

మోటారు సైకిలు నడుపువారికి హెల్మెట్టు తప్పనిసరియని చట్టము చెప్పుచున్నది. సైకిలునకు ఆ నిర్బంధము లేదు. ఐనను తలకు దెబ్బ తగులుటయే సైకిలు ప్రమాదములలో అన్నిటికంటె భయంకరమైనది. హెల్మెట్టు ఆ దెబ్బ తీవ్రతను చాలవరకు తగ్గించునని పలు దేశముల పరిశోధనలు తేల్చినవి. చలికాలమున హెల్మెట్టు లోపల పలుచని టోపీనే ధరింపవలెను. దళసరి మంకీ క్యాపు మీద పెట్టిన హెల్మెట్టు వదులై, పడినప్పుడు ప్రక్కకు జారిపోవును. మంచు నీటిచుక్కలు కండ్లలో పడకుండ రంగులేని కండ్లద్దములు పెట్టుకొనుట మంచిది. నల్లద్దములు చీకటివేళ కూడదు.

వదులు కొసలు

పంచె, లుంగీ, చీర, చున్నీ, ఓణీ, శాలువ, ఇవన్నియు మన ఉడుపులే. వీనిని వదలవలసిన పని లేదు. సైకిలెక్కునప్పుడు కొసలను బిగించుటయే కావలసినది. పంచె కట్టువారు కాసె బిగించి కట్టవలెను. ప్యాంటు కాళ్లను చీలమండల దగ్గర పట్టీతో బంధింపవలెను. బాలికలు చున్నీని రెండు భుజములమీదుగా తెచ్చి నడుమునకు ముడివేసికొనవలెను. శాలువ మీద శాలువ కప్పుకొనుటకంటె స్వెట్టరు ధరించుట మేలు. వెనుక చక్రమునకు జాలీయు, గొలుసునకు కవరును ఉన్నవో లేవో తల్లిదండ్రులు చూడవలెను. జాలీకి అగు ఖర్చు స్వల్పము. కొంగు చక్రమున చిక్కినప్పుడు కలుగు నష్టము మాత్రము స్వల్పము కాదు.

కనబడుట

ఇప్పుడు మేము అన్నిటికంటె ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు వాహనము ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. డ్రైవరు ఎదుటి వస్తువును చూచి బ్రేకు మీద కాలు వేయుటకే సెకను, సెకనున్నర పట్టును. బ్రేకు పడిన పిదప బండి నిలుచుటకు ఇంకొక 20 మీటర్లకు పైన కావలెను. మొత్తము మీద 40, 50 మీటర్లు. బరువెత్తిన లారీకి ఇంకను ఎక్కువ. నల్లని దుస్తులతో పోవు మనిషి, వంచిన దీపపు వెలుగులో డ్రైవరునకు కనబడునది సుమారు 30 మీటర్ల దూరములోనే. లెక్క మీరే వేసికొనుడు. డ్రైవరు ఎంత మంచివాడైనను, ఎంత మెలకువతో నున్నను, అతడు చూచునప్పటికే ఆలస్యమైపోయినది. నల్లని దుప్పటి చలినుండి మనలను కాపాడినది; కాని లారీవాని చూపునుండి కూడ దాచినది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. సైకిలు దుకాణములలో, స్టిక్కర్ల దుకాణములలో రేడియం టేపు అని అమ్ముదురు. పేరునకే రేడియం, అందు ఆ ధాతువు ఏమియు లేదు. తనమీద పడిన వెలుగును, వచ్చిన దిక్కునకే తిప్పి పంపుట దాని గుణము. అందుచేత లారీ దీపపు వెలుగు తిరిగి లారీ డ్రైవరు కంటికే చేరును. ఈ పట్టీ నూరు మీటర్లకు పైబడిన దూరమునుండి కనబడును. ముప్పదికిని నూరునకును గల ఆ భేదములోనే మన పాలవాని ప్రాణమున్నది.

పట్టీని ఎచ్చట అంటింపవలెను? సైకిలు వెనుక మడ్గార్డునకు, క్యారియరునకు, పాల క్యానుల వెనుకవైపునకు, పెడళ్లకు, చక్రముల ఊచలకు. మనిషి వీపునకును, రెండు చీలమండలకును. చీలమండల పట్టీకి ప్రత్యేక ప్రయోజనము కలదు. కాలు తొక్కుచుండగా ఆ రెండు మెరుపులును పైకి, క్రిందికి ఆడును. అది రాయి కాదు, గేటు కాదు, మనిషియే యని డ్రైవరు వెంటనే గుర్తించును.

ఇందు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది: మిలమిలలాడు పసుపుపచ్చ జాకెట్టు, నారింజ జాకెట్టు పగటిపూటను, వెలుగు వచ్చుచున్న వేళను బాగుగా కనబడును కాని, చీకటిలో ఆ రంగు అంతగా పనిచేయదు, దానికి మెరుపు పట్టీలు కూడ ఉండవలెను. రెండవది: పొగమంచులో వెలుగు పోవునప్పుడును, తిరిగి వచ్చునప్పుడును తరిగిపోవును కనుక, పట్టీ ఒక్కటియే చాలదు. వెనుక ఎర్రదీపము, ముందు తెల్లదీపము ఉండవలెను. బ్యాటరీతో వెలుగు చిన్న ఎల్‌ఇడి దీపములు ఇప్పుడు అంతట దొరకుచున్నవి. మూడవది: జాకెట్టుమీద దుప్పటి కప్పినచో, దీపముమీద గోనెసంచి వ్రేలాడినచో, అవి లేనట్లే. బయలుదేరుటకు ముందు ఇంటివారొకరు పది అడుగులు వెనుకకు పోయి, టార్చి వేసి, ఏది కనబడుచున్నదో చూచి చెప్పవలెను.

సైకిళ్లకు అమర్చు ఇట్టి మెరుపు పలకల నాణ్యతను గురించి కేంద్ర ప్రభుత్వము 2020లో ఉత్తర్వొకటి వెలువరించినది. కొత్త సైకిలు కొనునప్పుడు ముందు తెలుపు, వెనుక ఎరుపు, పెడళ్లకు పసుపు పలకలున్నవో లేవో చూచుకొనవలెను. పాత సైకిళ్లకు అవి ఎప్పుడో విరిగిపోయియుండును.

బ్రేకును గురించి ఒక్క మాట. మంచుకు తడిసిన ఉక్కు రిమ్ములమీద రబ్బరు జారును. ఎండిన రోడ్డుమీద ఆగిన చోట సైకిలు ఆగదు. బయలుదేరిన వెంటనే రెండు మూడు సారులు బ్రేకును మెల్లగా పట్టి రిమ్ముల తడిని తుడువవలెను. నిండు పాల క్యానులతో పోవునప్పుడు వేగము తగ్గింపవలెను.

పంచాయతీ చేయదగినది

మా తాతలు గొంగడి కప్పుకొని చీకటిలో ఎన్ని క్రోసులు పోలేదని పెద్దలు అడుగవచ్చును. పోయిరి. కాని అప్పుడు వారికి ఎదురువచ్చినది ఎద్దుబండి. నేడు ఎదురువచ్చునది నాలుగు వరుసల రోడ్డుమీది లారీ. రోడ్డు మారినప్పుడు ఉడుపు కూడ మారవలెను.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. రోడ్లు, విద్య అందులోనివే. వీధిదీపములు పంచాయతీ ప్రాథమిక విధులలోనివి. కావున ఈ పని మన పరిధిలోనిదే.

మొదట, పారిశుద్ధ్య కార్మికులు మన పనివారు. వారిని వేకువజామున రోడ్డుమీదికి పంపుచున్నది మనమే. స్వెట్టరు, చేతితొడుగులు, మెరుపు పట్టీల జాకెట్టు వారికి ఇచ్చుట దయ కాదు, బాధ్యత. ఈ ఖర్చును తీర్మానములో చేర్చుడు.

రెండవది, కార్తీకమాసములోనే ఒక దినమున పాఠశాల ఆవరణలో ఊరి సైకిళ్లన్నింటిని చేర్చి, యువకులచేత వానికి రేడియం టేపు అంటింపుడు. ఒక చుట్టతో పెక్కు సైకిళ్లకు సరిపోవును. బ్రేకులు, జాలీలు అదే దినమున చూడవచ్చును. ఊరి సైకిలు మెకానిక్కును పిలిచి, అతని పనికి తగిన కూలి ఇండు.

మూడవది, మన ఊరిదారి పెద్దరోడ్డును కలియుచోట దీపము వెలుగుచున్నదో లేదో, మలుపులో సర్కారు తుమ్మ చూపునకు అడ్డముగా పెరిగినదో చూడుడు. ఉడుపు ఎంత మంచిదైనను, మలుపు వెనుక నున్నవానిని చూపజాలదు.

నాలుగవది, ప్రధానోపాధ్యాయులతోను, పాలకేంద్రమువారితోను మాటలాడుడు. దట్టముగా మంచు పట్టిన దినమున ప్రత్యేక తరగతిని అరగంట ఆలస్యముగా పెట్టుటకు, పాలు తీసికొనువేళను కొంత పొడిగించుటకు వారిని ఒప్పింపవచ్చును. ఆలస్యమైనచో పాలు వెనుకకు పంపుదురను భయముతోనే పాలవాడు మంచులో వేగముగా తొక్కును. ఆ భయమును తీర్చునది స్వెట్టరు కాదు. పంచాయతీ పెద్దల మాటయే.

ఇవి గొప్ప నిధులు కోరు పనులు కావు. కావలసినది ఒక జాబితా. మీ వార్డులో సూర్యోదయమునకు ముందు సైకిలెక్కువారెవరో, వారి వీపుమీద ఏమి యున్నదో, సైకిలు వెనుక దీపమున్నదో లేదో వచ్చు సమావేశము నాటికి వ్రాసికొని రండు. పేర్లు వ్రాయుచున్నప్పుడే ఏమి చేయవలెనో మీకు తోచును. ఈ చలికాలమున ఊరు విడిచి పోయిన ప్రతి సైకిలు క్షేమముగా ఇల్లు చేరవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.